పోయిన ఫోను రాయచూరు నుంచి తిరిగొచ్చింది: సీఈఐఆర్ సేవ గురించి నా అనుభవం

నాకు గుంటూరు బ్రాడీపేటలో చిన్న టైలరింగ్ షాపుంది. కస్టమర్ల ఆదులన్నీ ఫొటోలు తీసి ఫోన్లోనే పెట్టుకునేదాన్ని. మాఘమాసం పెళ్లిళ్ల ముందు సికింద్రాబాద్‌లో లేసులు, లైనింగులు కొనుక్కుని పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో వస్తుంటే ఆ ఫోనే పోయింది. నల్గొండలో ఇంటికి మాట్లాడి కునుకు తీశాను. పిడుగురాళ్లలో మెలకువ వచ్చేసరికి సంచీ జిప్పు తీసుంది.

గుంటూరులో దిగి ఒక స్టేషన్‌కి వెళితే "అది తెలంగాణలో పోయుంటుంది, మా పరిధి కాదమ్మా" అని పంపేశారు. రైలు కృష్ణ దాటకముందు పోయిందో, దాటాక పోయిందో నిద్రలో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఏడుపొచ్చింది. మా బావగారు లాయరు దగ్గర గుమాస్తా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని చెప్పి, మర్నాడు వెంట వచ్చారు. ఇంకో స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా తీసుకునే ఫిర్యాదు, రాశారు.

ఇక సీఈఐఆర్. పోయిన ఫోను పనిచేయకుండా ఆపి, వెతకడానికి సాయపడే ఆన్‌లైన్ సేవ ఇది. టెలికాం శాఖది, 2023 మే 17 నుంచి దేశమంతా ఉంది. ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు, ఫోను బిల్లు, పెట్టె మీదుండే 15 అంకెల ఫోను గుర్తింపు నంబరు (ఐఎంఈఐ) ఇస్తే చాలు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఇబ్బందల్లా ఓటీపీతోనే. అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకున్నా 24 గంటలదాకా మెసేజీలు రావు. ఒక రోజంతా అలాగే పోయింది. ఫారం పంపాక ఇంకో 24 గంటల్లోపు ఫోను దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపేస్తారు. ఆపినా పోలీసులు వెతకడానికి అడ్డేం ఉండదు.

నలభై రోజులకి ఫిర్యాదు రాసిన స్టేషన్ కానిస్టేబుల్ గారు ఫోన్ చేశారు: "అమ్మా, మీ ఫోన్లో రాయచూరులో సిమ్ వేశారు." ఆయన అక్కడికి వెళ్లలేదు. రాయచూరు పోలీసులతో వచ్చీరాని హిందీలో మాట్లాడుతుంటే నేను ఎదురుగానే కూర్చున్నాను. వాళ్లు కొన్న మనిషి దగ్గర తీసుకుని కొరియర్‌లో పంపారు. రెండు రాష్ట్రాలు దాటిన పాత ఫోను కోసం, ముఖం కూడా తెలియని నాకోసం ఇంతమంది కదిలారు. వాళ్లందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

ఆదుల ఫొటోలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, అన్నీ చెరిపేశారు. ఇప్పుడు ఆదులు పుస్తకంలోనే రాస్తున్నాను. ఐఎంఈఐ కూడా దాని అట్ట లోపలే ఉంది. ఫోను చేతికొచ్చాక అదే సైట్‌లో అన్‌బ్లాక్ పెట్టండి. అది చేసేదాకా సిమ్ వేసినా సిగ్నల్ రాదు.