అరకు ఘాట్‌లో నన్ను నడిపించిన 5,200 రూపాయల బూట్లు

డిసెంబరులో ఒక శని, ఆదివారాలు చూసుకుని నేనూ మా బావమరిదీ విశాఖ నుంచి అరకు సైకిళ్ల మీద వెళ్లొచ్చాం. ఒకవైపు సుమారు 115 కిలోమీటర్లు. దారి బాగుంది, అరకు బాగుంది, బొంగులో చికెన్ బాగుంది. ఇక నా బట్టలూ బూట్ల సంగతి చెప్తాను.

బయల్దేరే వారం ముందు సైకిల్ సామాన్ల షాపు ఒకదానికి వెళ్లాను. పేరెందుకులెండి. "అరకు వెళ్తున్నాం, మొదటిసారి" అన్నాను. ఆ "మొదటిసారి" అనకుండా ఉండాల్సింది. బూట్లు 5,200, ఆ బూట్లు బిగుసుకునే పెడళ్లు 2,800, జెల్ ప్యాడ్ షార్ట్స్ 1,450, జెర్సీ 1,150. మొత్తం 10,600. బేరం ఆడితే ఒక జత సాక్సులు ఊరికే ఇచ్చాడు. మావాడి ఒంటి మీద 280 రూపాయల ఫుట్‌బాల్ జెర్సీ, మూడేళ్ల నాటి ప్యాడ్ షార్ట్స్, కాళ్లకి గట్టి అడుగున్న పాత బూట్లు.

పెందుర్తి దాటి కొత్తవలసలో టీకి ఆగాం. ఆగాం అంటే, వాడు ఆగాడు. నేను మడమ మెలితిప్పి బూటు విడిపించుకునేలోపే సైకిల్‌తో సహా పక్కకి ఒరిగిపోయాను. ఇడ్లీ తింటున్న నలుగురు ప్లేట్లు పక్కన పెట్టి వచ్చి లేపారు. మోచేయి గీసుకుపోయింది. అంతకంటే ఎక్కువ బాధ, వాళ్లలో ఒక పెద్దాయన "తాళ్లేటైనా కట్టుకున్నావా బాబూ?" అని అడగడం.

అసలు కథ ఎస్.కోట దాటాక, ఘాట్‌లో. పెడల్‌కి బిగుసుకునే బూట్లలో రెండు రకాలున్నాయని నాకు అప్పటికి తెలీదు. రోడ్డు రేసుల రకానికి మూడు బోల్టుల ప్లాస్టిక్ క్లీటు, అంటే పెడల్‌లో బిగుసుకునే ముక్క, అడుగు నుంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. కొండదారుల రకానికి రెండు బోల్టుల చిన్న క్లీటు రబ్బరు అడుగులోకి ఒదిగిపోతుంది, దాంతో మామూలుగా నడవొచ్చు. నాకు అంటగట్టింది మొదటిది. అనంతగిరి వైపు ఎక్కే మలుపుల్లో నాలాంటివాడు దిగి తోయక తప్పదు. దిగాను. క్లీటు తారు మీద జారుతోంది, మడమల మీద బాతులా నడుస్తున్నాను.

"ఏటి బావా, గుర్రానికి నాడాలేసినట్టు టక్కుటక్కుమంటన్నావు," అన్నాడు మావాడు. ఆ తర్వాత గంటసేపు నేను వాడితో మాట్లాడలేదు.

న్యాయంగా చెప్పాలంటే, గట్టి అడుగు మంచిదే. జాగింగ్ బూట్లయితే మెత్తటి అడుగు పెడల్ మీద వంగిపోయి, రెండు మూడు గంటలకి అరికాళ్లు మండుతాయి. కానీ గట్టి అడుగు కోసం క్లీట్లే అక్కర్లేదు. అలాగే బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. తాడు చివరలు లోపలికి దోపుకోండి, గొలుసులో పడితే మళ్లీ నాలాగే రోడ్డు మీద ఉంటారు.

షార్ట్స్ సంగతి ఇంకా ఘోరం. షాపులో వేలితో నొక్కి చూస్తే దూదిపరుపులా ఉంది, మురిసిపోయాను. యాభై కిలోమీటర్లకి ఆ జెల్ అంతా ఉండకట్టి, కూర్చునే ఎముకల కింద మాత్రం ఏమీ మిగల్లేదు. ప్యాడ్ మందంగా కాదు, గట్టిగా ఉండాలి, నొక్కి వదిలితే వెంటనే లేవాలి. పైగా నేను లోపల డ్రాయరు వేసుకున్నాను! వేసుకోకూడదు. దాని కుట్లే ఒరుసుకుంటాయి. ఈ ముక్క మావాడు అనంతగిరిలో చెప్పాడు, అదీ నవ్వుతూ. పది రూపాయల కొబ్బరినూనె ప్యాకెట్ కొనుక్కుని పొదల చాటుకి వెళ్లాల్సి వచ్చింది.

రాత్రి లాడ్జి 1,800. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకేనట. చన్నీళ్లతోనే షార్ట్స్ ఉతికి ఆరేశాను. పొద్దున లేచి చూస్తే పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆ మంచులో ఆరుతుందని ఎలా అనుకున్నానో! తడిదే వేసుకున్నాను. రెండు రోజుల ప్రయాణానికి రెండు షార్ట్స్ కావాలి, ఇందులో పొదుపు పనికిరాదు.

వెనక్కి వచ్చేటప్పుడు మొత్తం దిగుడే కదా అనుకుంటారు. కాదు. అరకు నుంచి ముందు సుంకరమెట్ట మీదుగా గాలికొండ దాకా ఎక్కాలి. ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ తడితోనే దిగుడు మొదలవుతుంది. గాలి ఛాతీకి కొడుతుంటే పళ్లు టకటకలాడాయి, బ్రేకు నొక్కే వేళ్లకి స్పర్శ పోయింది. నేను జెర్సీ లోపల కాటన్ బనీను వేసుకున్నాను, అది చెమట పీల్చుకుని తడిగుడ్డలా ఒంటికి అంటుకుపోయింది. ఎండలో పల్లంలో తొక్కేటప్పుడు పర్వాలేదుగానీ, కొండల్లో కాటన్ వద్దు.

మావాడు గాలికొండ దగ్గర ఆగి, టీ కొట్టులో పాత పేపరు అడిగి జెర్సీ కింద పొట్టకీ ఛాతీకీ అడ్డం పెట్టుకున్నాడు. సాక్సుల మీద పాలిథిన్ కవర్లు తొడిగి బూట్లు వేసుకున్నాడు. ఖర్చు సున్నా. నేను అహం చంపుకుని మిగిలిన సగం పేపరు తీసుకున్నాను. అయిదు నిమిషాల్లో వణుకు తగ్గింది. బుద్ధి ఉంటే ముందే 600, 700 పెట్టి పల్చటి విండ్‌చీటరు కొని, మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. అదీ నల్లది కాదు, పొగమంచులో లారీవాడికి కనపడే నిమ్మపండు రంగుది.

సోమవారం షాపుకి వెళ్తే, వాడిన బూట్లు వాపసు తీసుకోం అన్నాడు. సాక్సులు మాత్రం బాగున్నాయి, ఇప్పటికీ వాడుతున్నాను. బూట్లు, పెడళ్లు కలిపి 4,000కి అమ్మకానికి పెట్టాను, సైజు 8. బీచ్ రోడ్డు మీద తొక్కేవాళ్లయితే నిక్షేపంగా పనికొస్తాయి.