సామిక్ సేజ్ 62 అంగుళాల టేక్‌డౌన్ విల్లు: మన బారకు సరిపోతుందా?

ఐదడుగుల ఐదంగుళాల మనిషి 35 పౌండ్ల సేజ్ తెప్పించుకుంటే చేతికి తగిలే బరువు ముప్పై, ముప్పై ఒకటికి మించదు. అదే విల్లు ఆరడుగులు దాటిన మనిషి లాగితే 37, 38 తగులుతుంది. లింబ్ (విల్లుకు పైన, కింద ఉండే వంగే రెక్క) మీద అచ్చేసిన అంకె 28 అంగుళాల లాగుడుకు లెక్కగట్టింది. అక్కడి నుంచి అంగుళం తగ్గితే రెండు, రెండున్నర పౌండ్లు తగ్గుతాయి, అంగుళం పెరిగితే అంతే పెరుగుతాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లకు ముందుగా చేతిలోకి తీసుకుని లాగి చూసే వీలు తక్కువ. అందుకే ఆర్డర్ పెట్టేముందు కొలత ఇంట్లోనే తేల్చుకోవాలి. యర్రగొండపాలెం పైన నల్లమలలో చెంచులు విల్లు తమ చేతికి తగ్గట్టు తామే చేసుకుంటారు. ఫ్యాక్టరీ విల్లు విషయంలో ఆ పని కొలతల టేపుతో మనం చేసుకోవాలి.

మన బార అన్న మాట ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ భుజాల ఎత్తులో చాచి, ఈ నడిమి వేలి కొస నుంచి ఆ నడిమి వేలి కొస దాకా ఇంకొకరి చేత అంగుళాల్లో కొలిపించండి. దాన్ని రెండున్నరతో భాగిస్తే డ్రా లెంగ్త్, అంటే మీ లాగుడు పొడవు, దాదాపుగా వస్తుంది. 65 అంగుళాల బారకు 26, 72 అంగుళాల బారకు 28.8. ఇది అంచనా మాత్రమే. అసలు కొలత తేలాలంటే ఎవరిదైనా 20 పౌండ్ల తేలిక విల్లు తీసుకుని, పొడవాటి బాణం వెనక ఉండే గాడిని (నాక్) నారికి తగిలించి, చెయ్యి చెంపకు ఆనేదాకా లాగి ఆగాలి. పక్కనున్న మనిషి గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) లోతైన చోటుకు ఎదురుగా బాణం మీద గీత పెట్టాలి. నాక్ గాడి నుంచి ఆ గీత దాకా కొలిచి 1.75 అంగుళాలు కలిపితే, కంపెనీలు లెక్కగట్టే డ్రా లెంగ్త్ అదే. ఈ పావు తక్కువ రెండంగుళాలు కలపడం మరిచిపోయి చిన్న బాణాలు కోయించుకున్నవాళ్లు చాలామంది.

సేజ్ కొరియా కంపెనీ సామిక్ డిజైన్. చెక్క రైజర్ (పిడి ఉండే నడిమి భాగం), మేపుల్ చెక్క మీద ఫైబర్‌గ్లాస్ పొరలున్న లింబ్‌లు, మొత్తం పొడవు 62 అంగుళాలు. 25 పౌండ్ల నుంచి 60 దాకా ఐదేసి పౌండ్ల తేడాతో లింబ్‌లు దొరుకుతాయి. కండ బలపడ్డాక రైజర్ అలాగే ఉంచుకుని లింబ్‌లు మాత్రం మార్చుకోవచ్చు, టేక్‌డౌన్‌లో, అంటే విడదీసి బిగించుకునే విల్లులో, ఉన్న అసలు లాభం ఇదే. కంపెనీ చెప్పిన గరిష్ఠ లాగుడు 29 అంగుళాలు. ఆ అంకెను తేలిగ్గా తీసుకోకండి.

పొడుగు చేతులవాళ్లు పొట్టి విల్లు లాగితే చివర్లో నారి బాగా ముడుచుకుని వేళ్లను రెండు వైపుల నుంచి నొక్కుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు కలిసి నాక్‌ను పిండేస్తాయి, బాణం షెల్ఫ్ (రైజర్ మీద బాణం ఆనే అంచు) మీద నుంచి లేస్తుంది. దానికి తోడు బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. దీన్నే స్టాకింగ్ అంటారు. మీ విల్లులో అది ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే కొక్కెం కాటా ఒకటి చాలు, సామాను తూచే డిజిటల్‌ది. సన్నటి కర్ర బద్ద మీద నారి ఉండే కొస నుంచి 24.25, 25.25, 26.25, 27.25 అంగుళాల దగ్గర గీతలు పెట్టండి, అవి 26, 27, 28, 29 అంగుళాల లాగుడుకు గుర్తులు. నారి మధ్యలో కాటా కొక్కెం తగిలించి, ఒక్కో గీత గ్రిప్ లోతుకు ఎదురుగా వచ్చినప్పుడు అంకె రాసుకోండి. కిలోలను 2.2తో హెచ్చిస్తే పౌండ్లు. అంగుళానికి రెండు, రెండున్నర పెరుగుతూ వచ్చిన బరువు ఏదో ఒక గీత దగ్గర మూడున్నర, నాలుగుకు ఎగబాకితే మీ హద్దు అంతకు ముందు గీతే.

మా తీర్పు ఇది. 25 నుంచి 28 అంగుళాల వరకు సేజ్ చక్కగా నప్పుతుంది, మన జిల్లాల్లో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. 28.5 దాకా ఫరవాలేదు. 29 దాటితే ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ఐఎల్ఎఫ్ పద్ధతి (వేర్వేరు కంపెనీల లింబ్‌లు నప్పే ప్రామాణిక బిగింపు) రైజర్ చూసుకోండి. 21 అంగుళాల రైజర్‌కు లాంగ్ లింబ్‌లు పెడితే విల్లు పొడవు 66 అంగుళాలు, 23కు లాంగ్ పెడితే 68, 25కు మీడియం పెట్టినా 68 వస్తుంది. బోల్ట్ తిప్పి బరువు కొంత సర్దుకునే వీలు కూడా వాటిలో ఉంటుంది, సేజ్‌లో అది లేదు.

కొత్తవాళ్లకు చేతికి తగిలే బరువు 25 పౌండ్ల చుట్టూ ఉండాలి. అంటే 26 అంగుళాల మనిషికి 30 పౌండ్ల లింబ్‌లు, 28 అంగుళాల మనిషికి 25వి. బలముందని 45తో మొదలెడితే భుజం పైకి లేస్తుంది, చెంప దాకా రాకుండానే వేళ్లు జారతాయి. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

బిగింపులో ఎక్కువగా జరిగే పొరపాటు పై లింబ్, కింది లింబ్ తారుమారవడం. బరువు, పొడవు రాసిన లింబ్ సాధారణంగా కిందికి వస్తుంది. పిన్ను గాడిలో కూర్చున్నాకే బోల్ట్ బిగించండి, రెంచీతో బలం చూపిస్తే చెక్క నలుగుతుంది. నారి ఎక్కించాక రైజర్ అంచు దగ్గర లింబ్ నుంచి నారికి దూరం కొలవండి. పైన, కింద కంటే ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం ఎక్కువ ఉంటే సరి. కింద ఎక్కువుంటే లింబ్‌లు తారుమారయ్యాయి. నారి ఎక్కించడానికి స్ట్రింగర్ తాడు తప్పనిసరి. కాలు మధ్యలో పెట్టి వంచే పద్ధతిలో లింబ్ మెలి తిరుగుతుంది, తిరిగిన లింబ్ మళ్లీ మామూలుగా కావడం కష్టం.

గ్రిప్ లోతు నుంచి నారికి ఉండే దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. సేజ్‌కు అది 7.5 నుంచి 8.25 అంగుళాలు. 7.5 దగ్గర మొదలుపెట్టి, నారికి నాలుగైదు మెలికలు వేసి, ఆరు బాణాలు వదిలి చప్పుడు వినండి. టంగుమనే మోత తగ్గి మెత్తగా దబ్‌మన్న చోటే ఆగాలి. కొత్త డాక్రాన్ నారి సాగుతుంది కాబట్టి మొదటి వారం రోజూ కొలవాలి. ఎత్తు పడిపోతే నారి ముంజేతిని చరుస్తుంది. వేళ్ల పొరపాటనుకుని చాలామంది గార్డు మీద గార్డు కొంటారు.

నాక్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే గుర్తు) షెల్ఫ్ నుంచి నారికి గీసే లంబరేఖకు అరంగుళం పైన పెట్టి చూడండి, మూడు వేళ్లూ బాణం కింద పెట్టేవాళ్లకు ఇంకాస్త పైన. షెల్ఫ్ మీద నుంచే వేసేట్టయితే ఈకల బాణాలే వాడాలి. ఈకల బదులు ఉండే ప్లాస్టిక్ వేన్లు షెల్ఫ్‌కు తగిలి బాణాన్ని పక్కకు తన్నుతాయి. అవే ఉంటే అతికించే రెస్ట్ (బాణం ఆనే చిన్న ఆధారం) ఒకటి పెట్టుకోండి. 28 అంగుళాల అల్యూమినియం బాణమైతే 26 పౌండ్లకు 1716, ముప్పై దాటితే 1816 దగ్గర మొదలెట్టొచ్చు. ఈ అంకెల్లో మొదటి రెండూ గొట్టం వ్యాసం అంగుళంలో 64వ వంతుల్లో, చివరి రెండూ గోడ మందం వెయ్యో వంతుల్లో. బాణాన్ని ముందే పొట్టిగా కోయించకండి. ఈకలు లేని బాణం ఒకటి, ఈకలున్నవి మూడు పది గజాల నుంచి వేయండి. కుడిచేతి వాటం వాళ్లకు ఈకలు లేనిది ఎడమకు పడితే బాణం గట్టిది, కుడికి పడితే మెత్తది. మెత్తగా ఉంటే పావు అంగుళం చొప్పున కోస్తూ రావాలి. బాణం బరువు చేతికి తగిలే పౌండుకు 9 గ్రెయిన్లకు తగ్గకూడదు, 26 పౌండ్లకు దాదాపు 15 గ్రాములు. బంగారు కొట్లో కాటా మీద పెడితే తేలిపోతుంది. మరీ తేలిక బాణం వేస్తే దాదాపు ఉత్త నారి వదిలినట్టే, ఆ దెబ్బంతా లింబ్‌లే తింటాయి.

గురిపలకకు గట్టిగా కట్టిన వరిగడ్డి మోపులు, సరుగుడు వాసాల స్టాండ్ చాలు. వెనక మట్టి కట్ట ఉండాలి. సముద్రం వైపు ఊళ్లలో మధ్యాహ్నం పైరగాలి లేస్తే తేలిక బాణం పక్కకు పోతుంది, ట్యూనింగ్ పొద్దున్నే చేసుకోండి. చెరువు గట్టు పక్షుల మీద, అడవి జంతువుల మీద ఎక్కుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ విల్లు గురిపలకకే.

రోహిణి కార్తె ఎండల్లో మూసిన కారు డిక్కీలో వదిలేస్తే లింబ్ పొరలను పట్టి ఉంచే జిగురు మెత్తబడి ఫైబర్‌గ్లాస్ పైకి లేస్తుంది. వేలిగోరుతో అంచు వెంట గీకితే ఎక్కడైనా తగులుకుందంటే ఆ లింబ్‌ను ఇక ఎక్కుపెట్టొద్దు, పగిలితే ముఖం మీదికే వస్తుంది. పని అయ్యాక నారి దించి, విల్లును గోడకు చేరగిలేయకుండా రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. కావలి, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో నెలకోసారి బోల్టులు విప్పి, పొడిగుడ్డతో తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి బిగించుకోవాలి.