నెల కలపడానికి రిలేటివ్‌డెల్టా: కొన్నేళ్లు వాడాక నా మాట

రాయగడ, గుణుపురం వైపు చిన్న ఫైనాన్స్ షాపులకు వాయిదాల సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. రసీదు ఒడియాలో, లెక్క మీద వాదన తెలుగులో. ఆ వాదన చాలాసార్లు తారీఖు దగ్గరే మొదలవుతుంది. అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తేదీల లెక్కలకు వాడే డేట్‌యుటిల్ లైబ్రరీలోని రిలేటివ్‌డెల్టాని కొన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నాను.

పైథాన్‌తో పాటే వచ్చే టైమ్‌డెల్టాకి రోజులు, వారాలు, గంటలు తెలుసు, నెలంటే తెలియదు. పోనీలే అని ముప్ఫై రోజులు కలిపితే, 2026 జనవరి 10న బండి తీసుకున్నవాడికి వాయిదా ఫిబ్రవరి 9న, ఆ తర్వాతది మార్చి 11న పడుతుంది. జనవరి 31న తీసుకున్నవాడికైతే ఏకంగా మార్చి 2. ఫిబ్రవరి వాయిదా ఎగిరిపోయినట్టే. ఏ షాపాయన ఊరుకుంటాడు? పీహెచ్‌పీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో జనవరి 31కి ‘ప్లస్ వన్ మంత్’ అంటే అది మార్చి 3కి తోసేస్తుంది. రిలేటివ్‌డెల్టా ఫిబ్రవరి 28న ఆగుతుంది, లీపు సంవత్సరమైతే 29న.

అయితే ఆ 28కి మళ్లీ నెల కలిపితే మార్చి 28 వస్తుంది, 31 రాదు. మొదటి తారీఖు ఏదో దానికి గుర్తుండదు మరి. కాబట్టి కిందటి వాయిదాకి నెల కలుపుకుంటూ పోకూడదు. అప్పు ఇచ్చిన తారీఖుకే ఒకసారి ఒక నెల, ఇంకోసారి రెండు, మరోసారి మూడు కలపాలి. అప్పుడు ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 చక్కగా పడతాయి.

నాకు ఒళ్లు మండేది పేర్ల దగ్గర. ‘మంత్స్’ ఒకటి అని రాస్తే తర్వాతి నెలకి వెళ్తుంది. చివరి ఎస్ జారి ‘మంత్’ ఒకటి అయిందా, ఏ తారీఖునైనా జనవరికి మార్చేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. కొత్త కుర్రాళ్ల కోడ్ చూసేటప్పుడు ముందు ఆ ఎస్‌నే వెతుకుతాను.

తీసివేతలోనూ జాగ్రత్త. 2026 జనవరి 10 నుంచి మార్చి 15కి రిలేటివ్‌డెల్టాతో తేడా తీసి రోజులెన్నని అడిగితే 5 అంటుంది. రెండు నెలల ఐదు రోజుల్లో ఆ ఐదన్నమాట. రోజువడ్డీ వేసేవాడికి కావలసింది 64. దానికి మామూలుగా ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే సరిపోతుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ ఎస్ మూలంగానే తగ్గించా. నెలవాయిదాలుంటే కళ్లు మూసుకుని పెట్టుకోండి. సంత రోజు వారం వారం వసూలు చేసేవాళ్లకి మాత్రం దీని పనే లేదు, టైమ్‌డెల్టాతో ఏడు రోజులు కలుపుకుంటే చాలు.