నాయకుడు తప్పుకున్నాక: నియామకమా, ఎన్నికా?

పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేసినప్పుడు వారసుణ్ణి అధిష్ఠానమే ప్రకటించడం ఒక పద్ధతి, ఓటుతో తేల్చడం మరొకటి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కార్యకర్తలకు మొదటిదే పరిచితం. 2011లో బొత్స సత్యనారాయణ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులైనా, 2020లో కింజరాపు అచ్చెన్నాయుడు తెలుగుదేశం రాష్ట్ర అధ్యక్షులైనా అది పైనుంచి జరిగిన నియామకమే. ఇందులో జాప్యం తక్కువ, ఓడిన వర్గమంటూ బహిరంగంగా మిగలదు. అయితే టెక్కలిలోనో చీపురుపల్లిలోనో జెండా మోసేవారికి దక్కేది ఆ కబురు వినడమే.

ఎన్నిక నిదానంగా సాగుతుంది. 2019లో రాహుల్ గాంధీ తప్పుకున్నాక, 2022 అక్టోబరులో గాని కాంగ్రెస్‌లో పోటీ జరగలేదు. మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. అక్కడా ఓటు వేసినది ప్రతినిధులే గాని సాధారణ సభ్యులు కారు. అదే ఏడాది బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ తుది నిర్ణయాన్ని సభ్యులకే వదిలింది: ఎంపీల చివరి విడతలో 137 ఓట్లతో ముందున్న రిషి సునాక్‌ను కాదని వారు లిజ్ ట్రస్‌ను ఎన్నుకోగా, సొంత ఎంపీల విశ్వాసం నిలుపుకోలేక ఆమె ఏడు వారాలకే ప్రధాని పదవిని వీడారు. ఇంత చిక్కు ఉన్నా నా మొగ్గు ఎన్నిక వైపే, ఓటర్ల జాబితాను ముందుగానే అభ్యర్థులందరికీ ఇచ్చే పక్షంలో.