బత్తాయి తీసేసిన చెలకలో ఏం పెట్టాలి?

నల్లగొండ పక్క పాత బత్తాయి తోట కొట్టేసిన రైతు మళ్లీ చెట్టే పెట్టాలనుకుంటే ఇప్పుడు మూడు పేర్లు వినిపిస్తాయి: బత్తాయి, మామిడి, ఆయిల్ పామ్. నా మాట ముందే చెప్పేస్తా. బోరు ఒక్కటే దిక్కైన ఎర్ర చెలకలో ఆయిల్ పామ్ వద్దు. కాలువ నీళ్లుంటే అది వేరే లెక్క.

అసలు తోటలు ఎందుకు పోయాయో చూడకుండా కొత్తవి పెట్టడం దండగ. మునుగోడు, చండూరు, గుర్రంపోడు, నాంపల్లి, కనగల్ పక్కల బత్తాయి పెరిగిందే బోర్ల మీద. ఆ బోర్లే ఎండిపోయాక చెట్లూ ఎండాయి. 2015-16 కరువులో ట్యాంకర్లతో నీళ్లు పోసి తోటలు కాపాడుకున్నవాళ్లున్నారు, కాపాడుకోలేక గొడ్డలి పట్టినవాళ్లూ ఉన్నారు. బతికిన తోటల్ని ఎండు వేరుకుళ్లు తెగులు తినేసింది. తర్వాత ఏఎంఆర్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లు కొన్ని ఊళ్లకు అందాయి, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. దాంతో చాలా చోట్ల బత్తాయి మళ్లు వరి మళ్లయ్యాయి. వరికి ఊళ్లోనే కొనుగోలు కేంద్రం, ముందే తెలిసిన మద్దతు ధర (2025-26కి సాధారణ రకం క్వింటాకు 2,369 రూపాయలు), సన్నాలకైతే మీద 500 బోనస్. బత్తాయికి అలాంటి ధర లేదు. వ్యాపారి చెప్పిందే రేటు, మీదనుంచి సూట్ పేరుతో తూకంలో తరుగు. వరికి పోయినవాణ్ణి తప్పుపట్టలేం.

ఇక్కడ ఇంకో సంగతి. తోట పంటల విస్తీర్ణం పెరిగిందా తగ్గిందా అని రాష్ట్రం మొత్తానికి ఒకే అంకె చూస్తే అసలు కథ అందదు. ఒకచోట బత్తాయి పోయి, ఇంకోచోట అన్ని ఎకరాల ఆయిల్ పామ్ వస్తే మొత్తంలో తేడా ఏమీ కనిపించదు. కానీ ఆ రెండూ ఒకే రకం భూమినీ అడగవు, ఒకే రకం నీళ్లనూ అడగవు.

నీళ్ల లెక్కే చూద్దాం. ఆయిల్ పామ్ ఎకరాకు 57 మొక్కలు. ఎదిగిన చెట్టుకు రోజుకు 200 లీటర్లనుకున్నా ఎకరాకు 11 వేల లీటర్లు దాటుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. బత్తాయి ఎకరాకు వంద పైచిలుకు చెట్లు, వేసవిలో చెట్టుకు వంద లీటర్లకు అటూ ఇటూ. అంటే లీటర్లలో పెద్ద తేడా లేదు! ఏడాది మొత్తం మీద చూస్తే రెండూ రెండు కార్ల వరి కంటే చాలా నయం. వరి ఒక్క కారుకు 1,200 మిల్లీమీటర్లు తాగితే ఎకరాకు 48 లక్షల లీటర్లు.

తేడా అంతా బెట్టను (నీటి ఎద్దడిని) ఓర్చుకోవడంలో ఉంది. బత్తాయికి పూత రావాలంటే మనమే కొన్ని వారాలు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదులుతాం. ఒక వేసవి నీళ్లు సరిపోక కాపు తగ్గినా, చెట్టు బతికితే పై ఏడు కోలుకుంటుంది. ఆయిల్ పామ్‌కు నీళ్లు తగ్గితే గెల కాయని మగ పూగుత్తులు ఎక్కువ వేస్తుంది, ఆ నష్టం ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత గెలల్లో కనిపిస్తుంది. అప్పటికి వానలు బాగా పడి బోరు నిండుగా పోస్తున్నా లాభం లేదు. మన పక్క బోరు ప్రతి ఏప్రిల్‌లో ఎంత పోస్తుందో రైతుకు నేను చెప్పనక్కర్లేదు.

అమ్మకంలో మాత్రం ఆయిల్ పామ్‌ది పైచేయి. ప్రతి ప్రాంతానికీ ఒక కంపెనీని కేటాయిస్తారు, గెలలు అదే కొంటుంది. ధర నెలనెలా ప్రకటిస్తారు. మొక్కకు, డ్రిప్‌కు సబ్సిడీ, మొదటి నాలుగేళ్లు నిర్వహణ సాయం ఉన్నాయి. దళారితో బేరం లేదు, కోతిగుంపుల టెన్షన్ కొంత తక్కువ. అయితే ఆ ధర మన చేతిలోనూ లేదు, హైదరాబాద్ చేతిలోనూ లేదు. 2022లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసినప్పుడు టన్ను గెలలు 20 వేలు దాటాయి, మరుసటి ఏడాది 12, 13 వేలకు పడ్డాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచితే మళ్లీ లేచాయి, 2025 మేలో ముడి నూనెపై సుంకం తగ్గించింది. పాతికేళ్లు నిలబడే చెట్టు పెట్టి ఏటా ఢిల్లీ వైపు చూడాలి. ఇంకొకటి, కోసిన గెల 24 గంటల్లోపు మిల్లుకు చేరాలి, లేకపోతే నూనె నాణ్యత పోతుంది. మిల్లు ఎంత దూరమో, అది నడుస్తోందో ఇంకా కడుతున్నారో తెలుసుకోకుండా గుంత తీయకండి.

జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల కింద, ఆ పైన సొంత బోరు కూడా ఉన్న రైతుకు ఆయిల్ పామ్ సరిపోతుంది. అక్కడ దానికి పోటీ వరే.

మామిడి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొల్లాపూర్ నేలల్లో దానికి పేరుంది, మూడింట్లో తక్కువ నీళ్లతో బతికేదీ అదే. ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు కాయదు. పూతకు తేనెమంచు పురుగు, కాయకు వడగళ్లు. చాలామంది పూతమీదే తోటను గుత్తకు ఇచ్చేసి ఊపిరి పీల్చుకుంటారు. ఊళ్లో ఉండకుండా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఇదే కుదురుతుంది.

రోజూ చేలో ఉండే, ఒక బోరున్న చిన్న రైతుకు నేను చెప్పేది మళ్లీ బత్తాయే, కానీ ఉన్న భూమంతా కాదు. సగంలో చాలు, డ్రిప్‌తో. మొదటి నాలుగేళ్లు సాళ్ల మధ్య పెసర, వేరుశనగ వేసుకోవచ్చు. వేరుకుళ్లుతో పోయిన తోట గుంతల్లోనే మళ్లీ నాటొద్దు, ఆ భూమిని కొన్నేళ్లు ఇతర పంటలకు వదలాలి. సాత్గుడి (మన బత్తాయి రకం) అంటు జంబేరి వేరుమొక్క మీద కట్టారా, రంగపూర్ నిమ్మ మీద కట్టారా అని నర్సరీలో అడిగి తెచ్చుకోవాలి. రంగపూర్ బెట్టకు ఆగుతుంది, ఎండు వేరుకుళ్లునూ మెరుగ్గా తట్టుకుంటుంది. కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన కేంద్రానికి ఒకసారి పోయి మన నేల సంగతి చెప్పి అడిగితే మంచిది. చౌకగా వస్తున్నాయని సంతలో కొన్న మొక్కకు ఏ వేరుందో తెలిసేసరికి ఐదేళ్లు గడిచిపోతాయి.