ఉద్యోగుల ఒత్తిడికి వెల్‌నెస్ తరగతులా, పని తీరులో మార్పా?

ఖర్చు: ధ్యానం, ఊపిరి వ్యాయామం లాంటివి నేర్పే తరగతులకు డబ్బు చాలు. పని తీరు మార్చాలంటే మేనేజర్లు కొంత అధికారం వదులుకోవాలి. అసలు కష్టం అక్కడే.

సమయం: మొదటిదానికి వారాలు, రెండోదానికి నెలలు.

ఫలితం: పని భారం ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువైతేనే మనిషి బాగా నలిగిపోతాడని 1979లో పని ఒత్తిడిపై పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ వివరించాడు. ఊపిరి వ్యాయామం ఆ వీలును ఇవ్వదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5 వేలమంది ఉద్యోగులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికే వెల్‌నెస్ కార్యక్రమం ఇచ్చి చూస్తే, దానివల్ల వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

రిస్కు: భారం తగ్గించకుండా తరగతులే పెడితే తప్పంతా ఉద్యోగిదే అన్నట్టవుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

పనివేళలు సవ్యంగానే ఉండి కొందరికే నిద్ర, ఆందోళన సమస్యలుంటే తరగతులు మేలు. జట్టంతా అలసిపోతుంటే మాత్రం పనినే మార్చాలి.