ఇంటి పెరుగుకి తీపి, రుచులు: ఏది ఎప్పుడు కలిపితే నిలుస్తుంది

పంచదార, తేనె, బెల్లం, రకరకాల పళ్లు, వెనిల్లా, కోకో, కాఫీ, పంచదార బదులు వాడే పొడులు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏళ్ల తరబడి ఇవన్నీ కలిపి తిన్నాక తేలిందేమిటంటే, ఏం కలిపామన్న దానికన్నా ఎప్పుడు కలిపామన్నదే ముఖ్యం. అదే పండు తోడుకి ముందు పాలల్లో పడితే విరుగుడు, పేరుకున్నాక పడితే కమ్మదనం, కలిపి రెండురోజులు ఫ్రిజ్‌లో వదిలేస్తే నీళ్లోడే ముద్ద. కింద ఇచ్చిన కొలతలు, వేరే చెప్పని చోటల్లా, వెన్న తీయని పాలు లీటరుకి.

ముందు అసలు పెరుగు సంగతి చూడాలి. పుల్లబడిన పెరుగుని పంచదారతో బాగుచేద్దామనుకుంటే అది ఎంత పోసినా పీల్చేసుకుంటుంది. చివరికి తియ్యగా ఉంటుంది, పుల్లగానూ ఉంటుంది. అందుకని పులుపు ఎక్కకముందే ఆపాలి. పాలని 85 డిగ్రీల దాకా కాచి, సన్నని సెగ మీద పది పదిహేను నిమిషాలు ఆ వేడిలోనే ఉంచాలి. అప్పుడు విరుగుడు నీటితో పోయే మాంసకృత్తులు కూడా అల్లికలో కలిసి పెరుగు గట్టిగా పేరుకుంటుంది, తర్వాత ఏదైనా కలిపినా నీరు తక్కువ తేలుతుంది. 43 డిగ్రీలకి చల్లారాక రెండు టేబుల్‌స్పూన్ల తోడు వేసి, వెచ్చదనం పోకుండా ఐదారు గంటలు కదపకుండా ఉంచాలి. గిన్నె కొంచెం వంచితే పెరుగు జారకుండా ఒకే ముద్దగా కదిలితే చాలు, వెంటనే ఫ్రిజ్‌లోకి. చలిలోనూ పులుపు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, తీపి పెరుగుకి మొదటి మూడు రోజులే మంచి రోజులు.

పంచదారని తోడుకి ముందే కలపడం చాలామందికి భయం. 50 నుంచి 60 గ్రాముల వరకు భయమేమీ లేదు. పాలు వేడిగా ఉన్నప్పుడే పూర్తిగా కరిగించాలి, మామూలుకన్నా అరగంటో గంటో ఎక్కువ ఆగాలి, అంతే. పేరుకున్న పెరుగుని కదపాల్సిన పని ఉండదు గనక చెంచా పెడితే కోసినట్టు వస్తుంది. ఈ నునుపు ఇంకే పద్ధతిలోనూ రాదు. 100 గ్రాములు దాటిస్తేనే తిప్పలు. అంత పంచదార పాలల్లోని నీటిని తనవైపు పట్టి ఉంచడంతో తోడులోని సూక్ష్మజీవులు మందగిస్తాయి. పది గంటలైనా పలచగా, జావలా ఉండిపోతుంది. తోడు ఎక్కువ వేసి దీన్ని సరిచేద్దామనుకోవడం పొరపాటు, పులుపే పెరుగుతుంది తప్ప గట్టితనం రాదు. తీపి సరిపోయిందో లేదో గోరువెచ్చటి పాలు రుచి చూసి తేల్చేటప్పుడు, నాలుకకి ఒక పిసరు ఎక్కువే అనిపించాలి. చల్లబడితే తీపి తగ్గినట్టుంటుంది, పులుపు తోడైతే ఇంకా తగ్గుతుంది.

చిక్కటి పెరుగు కోసం గుడ్డలో వడకట్టేవాళ్లకి మాత్రం ఈ పద్ధతి శుద్ధ దండగ. పంచదార కరిగి ఉండేది నీటిలోనే. 60 గ్రాములు కలిపిన పెరుగులో సగం నీరుగా కారిపోతే, దాదాపు సగం పంచదార ఆ నీటితోనే పోతుంది. చప్పగా వడకట్టి, తర్వాతే తీపి కలపాలి.

పేరుకున్నాక కలిపేటప్పుడు పలుకు పంచదార వద్దు. చల్లటి పెరుగులో అది త్వరగా కరగదు, పంటికింద కరకరలాడుతుంది, కరిగేలోగా చుట్టూ నీటిని లాగి చిన్న మడుగు కడుతుంది. దానికన్నా పాకం ఎంతో నయం. 200 గ్రాముల పంచదారకి 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, తేటగా మరిగాక ఒక్క నిమిషం ఉంచి దించి చల్లార్చాలి. 200 గ్రాముల కప్పు పెరుగుకి రెండు టీస్పూన్లు వేస్తే దాదాపు 9 గ్రాముల పంచదార పడినట్టు. తీపి ఇష్టమైతే టేబుల్‌స్పూను. నీళ్లు, పంచదార సమానంగా పోసి కాచిన పలచటి పాకం ఇక్కడ పనికిరాదు, తీపితో పాటు నీళ్లూ పోసినట్టే అవుతుంది.

కలపడంలోనూ ఒక కిటుకు ఉంది. చిన్న గిన్నెలోకి రెండు చెంచాల పెరుగు తీసి, పాకమో పండుగుజ్జో ముందు దానిలో బాగా కలిపేయాలి. ఆ ముద్దని మిగతా పెరుగు మీద వేసి, గరిటెని అడుగునుంచి పైకి తెస్తూ ఏడెనిమిది సార్లు తిప్పి ఆపేయాలి. తెల్లటి చారలు మిగిలితే మిగలనీ. కవ్వం పెట్టి గిలక్కొడితే అల్లిక తెగి మజ్జిగలా జారుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా మునుపటి గట్టితనం తిరిగి రాదు.

తేనె తినేముందు పైన వేసుకోడానికే బాగుంటుంది. ఎక్కువ మోతాదులో పాలల్లో కలిపితే తోడుకోవడం ఆలస్యమవుతుంది, పైగా దాని సువాసన పులుపులో అణిగిపోతుంది. ఏడాది నిండని పిల్లలకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. బెల్లాన్ని కాగే పాలల్లో వేస్తే విరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కొద్ది నీళ్లలో కరిగించి, ఇసుక, నలకలు పోయేలా వడకట్టి, చిక్కటి పాకంగా చల్లార్చి పేరుకున్న పెరుగులో కలపాలి. రంగు మట్టిలా మారుతుంది కానీ రుచికి వంక పెట్టలేం.

పంచదార మానేసినవాళ్ల పొడుల్లో సుక్రలోజ్ చుక్కలది సాఫీ వ్యవహారం, తోడుకి ముందైనా తర్వాతైనా తేడా రాదు. స్టీవియా ఒక్క చిటికెడు ఎక్కువైతే చేదు నాలుక వెనక కూర్చుంటుంది; వెనిల్లా తోడుంటే కొంత కప్పేస్తుంది. ఎరిథ్రిటాల్ పంచదారకన్నా తీపి తక్కువ, నోట్లో చల్లగా తగులుతుంది, ఎక్కువ వేస్తే ఫ్రిజ్‌లో మళ్లీ పలుకులు కడుతుంది. జైలిటాల్ వాడే ఇంట్లో కుక్క ఉంటే ఆ పెరుగు దానికి అందనివ్వొద్దు, కుక్కలకి అది విషం.

ఇక పళ్లు. ఎక్కువ పెరుగు పాడయ్యేది ఇక్కడే, కారణాలు రెండు. మొదటిది ఎంజైములు. ఉడికించని అనాస, కివీ, అంజూర, బొప్పాయి పళ్లలో మాంసకృత్తుల్ని తెగ్గొట్టే ఎంజైములుంటాయి. పెరుగు నిలబడేదే మాంసకృత్తుల అల్లిక మీద. కలిపిన కాసేపటికే చేదు మొదలవుతుంది, పూట గడిచేసరికి పలచబడుతుంది. పచ్చి అల్లం రసం చేసేదీ ఇదే. ముక్కలు కుతకుతమని ఐదు నిమిషాలు ఉడికితే చాలావాటిలో ఈ గొడవ వదిలిపోతుంది. బొప్పాయి ఎంజైము మొండిది, దానికి పది నిమిషాలైనా మరగాలి. డబ్బా అనాస ముందే వేడి తిన్నది కాబట్టి నేరుగా వాడొచ్చు.

రెండోది నీరు. స్ట్రాబెర్రీలాంటి పళ్లని పచ్చివి తరిగి కలిపితే పంచదార తగిలి రసం వదులుతాయి. ఫ్రీజర్‌లో పెట్టినవైతే కరిగేకొద్దీ మరీను. 300 గ్రాముల పళ్లు, 60 గ్రాముల పంచదార, టీస్పూను నిమ్మరసం వెడల్పాటి గిన్నెలో వేసి మధ్యస్థపు మంట మీద పది పన్నెండు నిమిషాలు దగ్గరపడనివ్వాలి. చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి వేలితో గీత గీయండి. గీత పూడకుండా నిలిస్తే దించేయొచ్చు. రెండు వైపులనుంచీ రసం వచ్చి కలిసిపోతే ఇంకా ఉడకాలి. పూర్తిగా, అంటే ఫ్రిజ్‌లో పెట్టి, చల్లార్చాకే కలపాలి. నాలుగు వంతుల పెరుగుకి ఒక వంతు గుజ్జు సరిపోతుంది. మూడుకి ఒకటి దాటితే, ఎంత చిక్కటి గుజ్జయినా, పెరుగు కుదేలవుతుంది. రంగు మీద ఆశలు పెట్టుకోవద్దు. స్ట్రాబెర్రీ వెలిసిన గులాబీ రంగు ఇస్తుంది, బ్లూబెర్రీ బూడిద కలిసిన ఊదా. దుకాణంలో దొరికేదాని మెరుపు రావాలంటే రంగు కలపాల్సిందే.

సీసా అడుగున గుజ్జు వేసి, తోడు కలిపిన పాలు పైన పోసి పేరబెట్టే పద్ధతి చూపుకి అందంగా ఉంటుంది. గుజ్జు గట్టిగా ఉండాలి, పాలు చెంచా వీపు మీదుగా మెల్లగా జారాలి. కొంచెం పలచనైనా రెండూ కలిసిన చోట పుల్లటి రసం తగిలి సన్నటి విరుగుడు గీత పడుతుంది. అంత శ్రమ కన్నా, అడుగున గుజ్జు వేసి పేరుకున్న పెరుగునే పైన సర్దడం నయం. అరటిపండు నల్లబడుతుంది, గింజలూ పప్పులూ మెత్తబడతాయి; ఇవి తినే నిమిషంలోనే.

పాలల్లోనే వేసి పేరబెట్టే రుచుల్లో నా మొదటి ఓటు కాఫీకి. ఇన్‌స్టంట్ కాఫీపొడి రెండు టీస్పూన్లు, పంచదార 60 గ్రాములు వేడి పాలల్లో కరిగిస్తే చాలు, అడుగుకి దిగదు, పులుపుతో గొడవపడదు. వెనిల్లా ఎసెన్స్ టీస్పూను, పాలు చల్లారి తోడు కలిపేటప్పుడు వేయాలి. కాగే పాలల్లో వేస్తే వాసన ఆవిరితో పోతుంది. కమలా తొక్కని లోపలి తెల్లపొర లేకుండా పలచగా చెక్కి, వేడి పాలల్లో ఇరవై నిమిషాలు నాననిచ్చి తీసేస్తే మంచి వాసన, అదీ రసం పడకుండానే. యాలకులు, దాల్చినచెక్క కూడా ఇలాగే నానబెట్టి వడకట్టాలి. పొడి వేస్తే అడుగున ఇసుకలా తగులుతుంది. దాల్చినచెక్క, లవంగం ఘాటు ఎక్కువైతే తోడుని అడ్డుకుంటుంది కాబట్టి చెయ్యి బిగబట్టాలి.

కోకో నిరాశపరిచింది. పాలల్లో ఎంత మరిగించినా కొంత అడుగున నల్లటి పొరగా దిగుతుంది. టేబుల్‌స్పూను కోకో, ఒకటిన్నర పంచదార, రెండు టేబుల్‌స్పూన్ల మరిగే నీళ్లు ముద్దగా కలిపి, చల్లార్చి, 400 గ్రాముల వడకట్టిన పెరుగులో కలిపితే ఫరవాలేదు. చిటికెడు ఉప్పు పడితే చేదు, పులుపుల పోరు కాస్త సర్దుకుంటుంది.

పండు కలిపిన పెరుగు రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. మూత తీయగానే బుస్సుమన్నా, బుడగలు కనిపించినా, సారా వాసన వచ్చినా ఈస్టు చేరినట్టే, పారబోయడమే. అలాంటి పెరుగుని, ఆ మాటకొస్తే ఏ రుచి కలిపిన పెరుగునైనా, మళ్లీ తోడుకి వాడొద్దు. అందుకే పెరుగు పేరుకోగానే, పాకం గిన్నె ముట్టుకోకముందే, పొడి చెంచాతో అరకప్పు చప్పటి పెరుగు తీసి వేరే మూత గిన్నెలో దాచేయాలి. తోడుకి ముందే పంచదార కలిపే రోజైతే ఆ పనికి ఒక గ్లాసు చప్పటి పాలు విడిగా తోడుపెట్టుకోవాలి.